పిడికిలి పోను ప్లేటు ధర

మా తమ్ముడి కూతురు గ్రేసు పోయిన వారం నంద్యాలలో మా ఇంటికొచ్చింది. చేతిలో ఫోను, సంచిలో మూడు డబ్బాలు. బొమ్మలసత్రం దగ్గర ఒక చిన్న గది బాడుగకు తీసుకుంది, బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చే పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెడతానంటోంది. అన్నం అని కూడా అనదు, కాంబో అంటుంది. సంగటీ పప్పూ ఒక కాంబో, జొన్నరొట్టె వంకాయ కూర ఒక కాంబో, చిత్రాన్నం మజ్జిగ ఒక కాంబో. మూడు డబ్బాలూ నా ముందు తెరిచి, కనీసం తిను అని కూడా అనకుండా, "అత్తా, దేనికి ఎంత పెట్టాల్నో చెప్పు" అంది. ముందు తిననియ్యవే అన్నాను. సంగటి బాగుంది. పప్పులో చింతపండు ఎక్కువైంది. రొట్టె అంచులు అట్టముక్కల్లా ఉన్నాయి. ఈ మాటలేవీ ఆమె చెవికెక్కలేదు. ఫోనులో ఒక్కో వస్తువుకూ ఎదురుగా ధర వేసుకుని ఉంది: బియ్యం, రాగిపిండి, నూనె, గ్యాసు, కరెంటు, కాగితం పెట్టె, ఇంటికి చేర్చే కంపెనీ వాళ్లు కోసుకునే కమిషను, గది బాడుగ. "తొంభై పెడితే పిల్లోళ్లు వస్తారు, నాకేం మిగలదు. నూటపది పెడితే మిగులుతాది, పిల్లోళ్లు రారు. తల తిరుగుతాంది అత్తా" అంది. నేను కళ్లజోడు పెట్టుకుని ఆ లెక్కను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. చదువుతూ ఉంటే ఆళ్లగడ్డలో మా గదీ, ఆ గదిలో తలుపు వెనక సుద్దముక్కతో నేను వేసిన ఇలాంటి లెక్కే గుర్తొచ్చాయి.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లుంటాయి. ఇంటరు అయింది, పై చదువుకు పంపే తాహతు మా ఇంట్లో లేదు. నాయన చర్చి సంఘంలో ఉపదేశి, పాస్టరు కింద పనిచేసే బోధకుడు. సైకిలెక్కి చుట్టుపక్కల పల్లెలు తిరిగి ప్రార్థనలు పెట్టించి, పెళ్లిళ్లకూ చావులకూ నిలబడి వచ్చేవాడు. ఆయనకిచ్చే జీతం గురించి మాట్లాడితే ఆయనకు చిన్నతనం, మాట్లాడకపోతే మాకు ఆకలి. ఇల్లు నడిచింది అమ్మ నడుముమీద. అమ్మ పేరు సువార్తమ్మ. కలుపు తీయడానికి, శనక్కాయ పెరకడానికి, పత్తి ఏరడానికి కూలికి పోయేది. సాయంత్రం వచ్చి పొయ్యి ముందు కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునేది. ఒకరోజు అలా గోడ పట్టుకుని లేచి, నాయన వైపు చూడకుండా పొయ్యికే చెప్తున్నట్టు, "ఇంక ఒకరి చేలో వంగను. వంట నాకు వస్తాది. వంట చేసి అమ్ముతా" అంది. మా అమ్మ ఒక మాట అనడానికి ఏడాది ఆలోచిస్తుంది, అన్నాక వెనక్కి తీసుకోదు. నాయన తల గోక్కుని, "యాడ పెడతావు?" అని మాత్రం అడిగాడు.

శిల్పుల షెడ్లున్న దావలో సుబ్బయ్య శెట్టికి ఒక వరసలో నాలుగు గదులుండేవి. మొదటిది ఆయన బియ్యం అంగడి, చివరిది మాకిచ్చాడు. పొద్దున్నుంచీ ఉలి చప్పుడు, గాలి మళ్లిందంటే నాలికమీద రాతి పొడి. విగ్రహాలు చెక్కేవాళ్లు ఇంటి నుంచి తెచ్చుకునే తినేవాళ్లు. మాకు దక్కింది ఆ రాళ్లను మోసేవాళ్లూ, నున్నగా రుద్దేవాళ్లూ, లారీల వాళ్లూ, ఆఫీసుల పనిమీద పల్లెల నుంచి వచ్చి మధ్యాహ్నానికి కడుపు కాలిన వాళ్లూ. మా చేతి వంట ముట్టని వాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్లను తలుచుకుని బాధపడే తీరిక లేక, మొదటి రోజే లెక్కలోంచి తీసేశాను. సుబ్బయ్య శెట్టి కూడా అంతే. మా బాడుగ తీసుకునేవాడు, మా నీళ్లు తాగేవాడు కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం మర్యాదగానే ఉండేవాళ్లం.

తెల్లవారకముందే అమ్మ గది తాళం తీసేది. ముందు చీపురు, తర్వాత ప్రార్థన, తర్వాత పొయ్యి. ప్రార్థన రెండు మాటలే, పొయ్యికి మాత్రం చాలాసేపు పట్టేది. తుమ్మకట్టెల పొగ మా జుట్టులోనూ బట్టల్లోనూ ఎంతగా పట్టిందంటే, ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చున్న ఆడవాళ్లకు ఆకలేసేదట. శనక్కాయలు వేయించేటప్పుడు అమ్మ ఎవర్నీ పలకరించనిచ్చేది కాదు, మాడుతుందని భయం. సంగటి కెలికేటప్పుడు మాత్రం నోరు విప్పేది. తెడ్డు రెండు చేతులా పట్టుకుని, కాలి బొటనవేళ్లతో కుండను అదిమి, ఊరి సంగతులన్నీ అప్పుడే చెప్పేది. చేయి తడుపుకుని ముద్ద చేస్తే అన్ని ముద్దలూ ఒక్క తీరుగా వచ్చేవి. మా గిరాకీల్లో రాళ్లు మోసే మస్తాను రోజూ పక్కవాడి ముద్దతో తన ముద్ద పోల్చి చూసుకునేవాడు, ఏనాడూ తేడా దొరకలేదు.

మొదట్లో అందరిలాగే కడుపునిండా భోజనం అని పెట్టాం. రాళ్లు మోసే మనిషికి కడుపునిండా అంటే ఏమిటో ఆ వారం తెలిసింది. మూడోసారి వడ్డించి నాలుగోసారికి అమ్మ గంటె పట్టుకుని నిలబడితే, నేను లోపల గోడకు తల ఆనించుకునేదాన్ని. అమ్మకు అడిగినవాళ్లకు లేదనడం రాదు. అందుకే జతలు పెట్టాలని పట్టుబట్టాను. సంగటి, పప్పు, శనక్కాయ చట్నీ ఒక జత. అన్నం, చారు, ఏదో ఒక కూర ఒక జత. ప్లేటు మూడు రూపాయలు. మళ్లీ కావాలంటే మళ్లీ ప్లేటు. "తినే వాని ముందర గంటె దాచిపెడితే మనుషులమేనా మనం" అని అమ్మ రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. తర్వాత ఆమే ముద్ద సైజు రవంత పెంచి, చట్నీ ఎక్కువ వేసి, తన మనసుకు తాను సర్దిచెప్పుకుంది.

జనం వచ్చారు. గది నిండింది. నిండినా చేతిలో ఏమీ నిలిచేది కాదు. ఇదే నన్ను తినేసింది. అలాంటప్పుడే సుబ్బయ్య శెట్టి పిలిపించి, బియ్యం మూటల మధ్య నిలబెట్టి చెప్పాడు. "ఎరువుల అంగడికి గది అడుగుతాండారు సువార్తమ్మా. బాడుగ ఎక్కువిస్తామంటాండారు. మీరు మంచోళ్లు, ఉన్నపళంగా పొమ్మనను. ఉగాది నుంచి మీరు గుడక అంత ఇయ్యగలిగితే ఉండండి. ల్యాకుంటే నేనేం చేస్తా చెప్పు." అందులో తప్పు పట్టడానికి లేదు. అమ్మ తల ఊపింది. బయటికొచ్చాక దావలో నిలబడి, "నేను చేనికి పోను పాపా" అంది. పోతే బాగుండు అని నేను అననే లేదు. ఆమె తనకు తానే చెప్పుకుంటోందని అర్థమైంది. గది పోతే ఇంకో గది మాకు ఎవరూ ఇవ్వరు. ఊళ్లో అడిగి చూసినవే అన్నీ.

ఆ రోజే తలుపు వెనక లెక్క వేశాను. బియ్యం, రాగులు, పప్పు, నూనె, కట్టెలు, ఉప్పూ కారం, కొత్త బాడుగ. పడి బియ్యానికి ఎన్ని ప్లేట్లు లేస్తాయో ఇంట్లో రెండుసార్లు వండి చూసుకున్నాను. లెక్క ప్రకారం మూడు రూపాయలకే బొటాబొటిగా గట్టెక్కాలి. గదిలో మాత్రం రోజూ మూడు నాలుగు ప్లేట్లు తక్కువ వచ్చేవి. మా మిగులంతా ఆ మూడు నాలుగు ప్లేట్లే. కుండ అడుగున అంటుకుంటోందా అని గీకి చూశాను. గంటె మార్చాను. చివరికి బియ్యం కొనడానికి పోయినప్పుడు శెట్టినే అడిగాను, ఈ బియ్యం పడికి ఎన్ని ప్లేట్లు లేవాలని. ఆయన చెప్పిన లెక్కా నా లెక్కా ఒకటే అయింది. "మీకెన్ని లేస్తాండాయి?" అన్నాడు. చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. అన్నం ఎక్కువ లేచే పాత బియ్యం అని చెప్పి, లేవని కొత్తవి అంటగట్టాడని ఊళ్లో మాట పుడుతుందని ఆయన బాధ. మర్నాడు పొద్దున్నే, కండువా సరిచేసుకుంటూ, మా గది గుమ్మం బయట వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాడు, అక్కడి నుంచే చూస్తాడు.

అమ్మ మామూలుగానే పడితో బియ్యం కొలిచి చేటలో పోసింది. పోసి, కుడిచేత్తో ఒక పిడికెడు తీసి పక్కనున్న గుడ్డసంచిలో వేసింది. ఇంకో పడి కొలిచింది, ఇంకో పిడికెడు తీసింది. అలా ఎన్ని పడులు కొలిస్తే అన్ని పిడికిళ్లు. నేను అక్కడే వంకాయలు తరుగుతున్నాను. రోజూ అక్కడే తరుగుతాను, రోజూ చూస్తూనే ఉన్నాను. పుట్టినప్పటి నుంచీ చూసేదాన్ని లెక్కలో వేయాలని ఎవరికి తోస్తుంది? వంట చేసే ముందు దేవునికి ఒక పిడికెడు బియ్యం తీసి పెట్టడం మా ఇళ్లల్లో ఆడవాళ్లందరికీ అలవాటు. ఆదివారం ఆ సంచులన్నీ చర్చికి చేరతాయి, ఆరాధన అయ్యాక వేలంపాట పెట్టి అమ్ముతారు, ఆ డబ్బులోంచే నాయన జీతంలో కొంత వస్తుంది. ఇంట్లో అయితే వంటకు ఒక్క పిడికిలి. గదిలో పడికొకటి ఎందుకు తీస్తున్నావంటే అమ్మ నన్ను వింతగా చూసింది. "పడి అంటే మనింటి వంట. ఈడ పదిళ్ల వంట చేస్తాండా. ఒక్క పిడికిలి తీసి చేతులు దులుపుకుంటే ఎట్ల?"

బయట నుంచి శెట్టి, "ఏందమ్మా అది?" అన్నాడు.

"దేవునిది అయ్యా."

తన బియ్యం పరువు నిలబడినందుకు ఆయన ముందు నిమ్మళంగా ఊపిరి వదిలాడు. తర్వాత వ్యాపారస్థుడు మేలుకున్నాడు. "తీయడంలో తప్పులేదు. మేము గుడక తీస్తాం. మూటకింతని ధర్మం. అయితే అది కొనేవాని ధరలోనే కలుపుతాం. మా నాయన, మా తాత, అందరూ అట్లనే చేసినారు. మీరు ప్లేటుకు ఐదు పైసలో పది పైసలో వేసుకోండి. ఎవరికీ బరువు కాదు."

అమ్మ చేటలో బియ్యాన్ని చేత్తో ఒకసారి పరిచింది. "కొనేవాని మీద వేస్తే అది వాని కానుక అయితాది అయ్యా. మస్తానుది అయితాది, లారీ డ్రైవరుది అయితాది. నాది యాడైతాది?"

"పుణ్యం అందరికీ వస్తాది లేమ్మా."

"వాళ్లకు చెప్పకుండా వాళ్ల జేబులోది తీసి నేను పెట్టినానని చెప్పుకోలేను."

శెట్టికి కోపం రాలేదు, కానీ మాట నచ్చలేదు. ఆయన తాతల పద్ధతిని ఎవరో తప్పుపట్టినట్టయింది. "అట్లయితే ఆ పిడికిలి ఎవరి లెక్కలో నుంచి వస్తాదో నీ బిడ్డను అడుగు. ఉగాది బేగా వస్తాది" అని చెప్పి వెళ్లాడు. ఇన్నేళ్ల తర్వాత చెప్తున్నాను, ఆయనదీ న్యాయమైన మాటే. ఆ రోజు మాత్రం ఆయన వీపు వైపు చూస్తూ వంకాయలను అవసరానికి మించి చిన్నగా తరిగేశాను.

మధ్యాహ్నం నాయన పల్లెల నుంచి వచ్చి తింటుంటే ఆయన ముందు పంచాయితీ పెట్టాను. ఆ సంచి చర్చిలో పాటకు పోయి ఎవరి జీతంగా తిరిగి వస్తోందో ఆయనకూ తెలుసు కాబట్టి కాస్త ఇబ్బంది పడ్డాడు. పిడికిలి తీయడం కొన్నాళ్లు మానేస్తే పాపమా అని సూటిగా అడిగాను. నాయన చాలాసేపు మజ్జిగ తాగి, "మానేస్తే పాపం కాదు. మానేసి తీస్తాండామని చెప్పుకుంటే పాపం" అన్నాడు. అమ్మ లేచి గిన్నెలు సర్దుతూ, "నేను మానను" అంది. అంతటితో పంచాయితీ అయిపోయింది. మా ఇంట్లో ఉపదేశి నాయనే, తీర్పులు మాత్రం అమ్మవి.

నాకు ఒళ్లు మండింది. మానదు, గిరాకీల మీద వేయదు, గది వదలదు. మరి ఆ బియ్యం ఎక్కడి నుంచి రావాలి? తలుపు మూసి లెక్క ముందు నిలబడ్డాను. అమ్మ కానుక అమ్మ సొత్తులోంచే రావాలి. బాగుంది. అమ్మ సొత్తు ఏది? పై నుంచి కిందికి వెతికాను. బియ్యం శెట్టిది, కట్టెలు కట్టెల వానివి, గది శెట్టిది. కట్టెలు తెచ్చే బండివాడి కూలి కూడా వేసుకున్నాను. తెల్లవారకముందు లేచి పొద్దుగూకేదాకా నిలబడే అమ్మ పేరు ఎక్కడా లేదు. నా పేరూ లేదు. మిగిలితే మాది, మిగలకపోతే మేము ఊరికే చేసినట్టు. చేనికి పోయిన రోజైతే సాయంత్రానికి ఐదు రూపాయలు కొంగున ముడేసుకుని వచ్చేది కదా. సుద్దముక్క తీసుకుని అన్నిటికంటే పైన, బియ్యానికి కూడా పైన, అమ్మ కూలి ఐదు రూపాయలు అని రాశాను. దాని కింద నాది రాశాను. మళ్లీ మొత్తం కూడితే ప్లేటు మూడుంపావు తేలింది. రోజూ సాయంత్రం అమ్మ కూలి అమ్మ చేతిలో పెడతాను, పిడికిళ్ల బియ్యానికయ్యే ఖర్చు ఆమె అందులోంచి నాకు తిరిగి ఇస్తుంది. కానుక ఆమెది, ఎవరికీ తెలియకుండా ఎవరి జేబులోనూ చేయి పెట్టినట్టు కాదు. అమ్మకు చెప్తే ముందు నవ్వింది. "ఇంట్లో వంటకు కూలేందే?" అంది. "ఇది ఇల్లు కాదు. ఇల్లయితే శెట్టికి బాడుగ ఎందుకు?" అన్నాను. నవ్వడం ఆపి తలుపు వెనక రాసింది చూపించమంది. అమ్మకు చదువు రాదు. తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే చూపించాను. తడి చేయి కొంగుకు తుడుచుకుని, ఆ అక్షరాలమీద తన వేలు పెట్టి చూసింది.

గ్రేసు ఫోనులోనూ అదే లేదు. కమిషను దగ్గర్నుంచి కాగితం పెట్టె దాకా పైసలతో సహా వేసుకుంది, తన కూలి మాత్రం లేదు. "నీది యాడ?" అని అడిగాను. "నా సొంత హోటలు కదత్తా, మిగిలిందంతా నాదే" అంది. "మిగలకుంటే?" అన్నాను. ఫోనులో లెక్కను మళ్లీ మొదటి వరస దాకా జరిపి చూసుకుంది. ఈ కాలం పిల్లలు మాకంటే తెలివైనవాళ్లు, నేను కాదనను. మాకు పడీ సుద్దముక్కా ఉంటే, వీళ్లకు గ్రాముల తూకాలున్నాయి, అరచేతిలో లెక్కలు చేసే యంత్రాలున్నాయి. అయినా వంట దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్ల రెక్కల కష్టానికి వెల ఉండదన్న నమ్మకం మాత్రం మా నుంచి వీళ్ల దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. నాకు కోపం వచ్చేది అక్కడే. సంగటి కాంబో నూట ఐదు పెట్టు, నీ కూలి మొదటి వరసలో రాయి, పిల్లలు రాకపోతే వంట తగ్గించుకో గానీ నీ కూలి తగ్గించుకోవద్దు అని చెప్పాను. ఒప్పుకోలేదు, కాదనలేదు. డబ్బాలు సర్దుకుని ఆలోచిస్తూ వెళ్లింది. ఆలోచించనీ.

మాకూ అంత సులువుగా కాలేదు. మూడుంపావు అని బోర్డు మార్చిన రోజు మస్తాను ప్లేటు ముందు కూర్చుని, "పావలా అంటే నా బీడీల ఖర్చమ్మా. అన్యాయం గదా" అన్నాడు. అమ్మ చట్నీ వడ్డిస్తూ, "నువ్వు కూలి పెంచమని అడగవా మస్తానూ? అడుగుతావు. నేను గుడక అడుగుతాండా" అంది. మస్తాను తిని, ఆ పావలా కూడా ఇచ్చి, మర్నాటి నుంచి బస్టాండు దగ్గరి హోటలుకు పోయాడు. వాడి వెంట పదిమంది పోయారు. ముద్దలు మిగిలాయి. రాత్రిళ్లు మేము అవే తిన్నాం, పొద్దున మజ్జిగలో పిసుక్కుని మళ్లీ అవే తిన్నాం. నాకు ధైర్యం సన్నగిల్లి, "మూడుకే పెడదామా" అన్నాను. అమ్మ సంగటి కెలుకుతోంది. తెడ్డు ఆపకుండా, "రెండు పడులు తగ్గించి వండు. ధర తగ్గించేది లేదు" అంది. ఆ వారమంతా సాయంత్రం కూలి ఇవ్వబోతే తీసుకోదేమో అనుకున్నాను. తీసుకుంది. తీసుకుని, పిడికిళ్లకు ఎంతైందో అడిగి నాకు ఇచ్చేసి, మిగిలింది కొంగున ముడేసుకుంది. తర్వాత ఒక్కొక్కరే తిరిగొచ్చారు. బస్టాండు దగ్గర చట్నీ నీళ్లలా ఉందని మస్తానే వచ్చి చెప్పాడు. కొందరు రానే లేదు, వాళ్ల చోట్లో కొత్తవాళ్లు కూర్చున్నారు. ఉగాది మర్నాడు అమ్మా నేనూ కొత్త బాడుగ తీసుకుపోయి ఇస్తే సుబ్బయ్య శెట్టి గల్లాపెట్టెలో వేసుకుని, ప్లేటు ధర ఎలా కట్టామో వివరంగా అడిగి తెలుసుకున్నాడు. పిడికిలి సంగతికి మాత్రం, "నువ్వు మొండిదానివి సువార్తమ్మా" అన్నాడు. ఎరువుల అంగడి వాళ్లు ఇంకో చోటు చూసుకున్నారు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కలుపు విపరీతంగా లేచి కూలీలు దొరకని రోజుల్లో, అమ్మ చాలా ఏళ్లు కూలికి పోయిన చేని ఆసామి మోటారు సైకిలు దిగి మా గది ముందుకొచ్చాడు. గిరాకీలు తింటున్నారు. ఆయన బయటే నిలబడి, "సువార్తమ్మా, రేపట్నుంచి కలుపుకు రా. ఆరు రూపాయలిస్తా. నీ చేయి పడితే చేను శుభ్రమైతాది" అన్నాడు. మంచి కూలే. చెడ్డ మనిషి కూడా కాదు. అమ్మ చేయి తడుపుకుని ముద్ద చేస్తూ, "రాలేనప్పా. నాకు ఈడ కూలి ఉంది" అంది.

ఆయన గదిలోకి తొంగి చూశాడు, ఎవరైనా యజమాని కనిపిస్తాడేమోనని. "ఈడ నీకు కూలి ఎవరిస్తాండారు?"

అమ్మ ముద్దను ప్లేటులో పెట్టి తలెత్తింది.

"నేనే ఇస్తాండా" అంది.